ఇంటి సినిమా భాండారం – పరికరాల ఎంపిక

మన దేశంలో రంగుల టెలివిజన్ ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. ఆ దశాబ్దంలోనే వీసీఆర్ కలిగినవాళ్ల ఇళ్లలోకి, చిన్న పట్టణాల వీడియో షాపుల్లోకి వచ్చింది. హాలుకు వెళ్లి చూసి వచ్చే సినిమా, బీరువాలో పెట్టుకోదగిన వస్తువుగా మారింది అప్పుడే. తర్వాత 1990లలో వీసీడీలు, ఆ వెనక డీవీడీలు, 2006లో బ్లూ-రే డిస్కులు వచ్చాయి. నేడు ఫోనులో వేలితో నొక్కితే సినిమా వస్తూ వుంది కనుక, “ఇంకా దాచుకోవడం దేనికోయ్?” అని అడిగే మిత్రులు మా హాస్టల్లో వున్నారు. ప్రశ్న సబబైనదే. దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి – ఓటీటీ సంస్థలకు చాలా సినిమాల మీద వుండేది గడువున్న హక్కు మాత్రమే. గడువు తీరితే నిన్న వున్న సినిమా ఇవాళ కనిపించదు. రెండు – మీ అమ్మానాన్నల పెళ్లి వీడియో ఏ ఓటీటీలోనూ లేదు.

అట్లా దాచుకోవాలనుకున్న వాళ్లు ఏ పరికరాలు కొనాలి, ముందు ఏది కొనాలి అన్నది ఈ వ్యాస విషయం. చాలామంది టీవీతో మొదలు పెడతారు. 43 అంగుళాలా, 55 అంగుళాలా అని ఇంటిల్లిపాదీ వాదించుకుని, డబ్బంతా అక్కడ పోసి, చివర మిగిలిన దానితో ఒక హార్డు డిస్కు కొంటారు. నా దృష్టిలో ఇది తలకిందులు వ్యవహారం. మా ఇళ్లలో పంట ఇంటికి చేరగానే మొదట జరిగే పని విత్తనపు వడ్లు పక్కకు తీయడం. తిండి గింజలు వేరు, విత్తనాలు వేరు. రెండూ ఒకే గాదెలో పొయ్యరు. సినిమా భాండారంలో కూడా మళ్లీ దొరికేవి వుంటాయి, మళ్లీ దొరకనివి వుంటాయి. ‘మాయాబజార్’ డిస్కు విరిగితే ఇంకొకటి సంపాదించవచ్చు. ఇంటి వీడియో పోతే పోయినట్లే.

దీనికి ఉదాహరణ మా పెదనాన్నగారి ఇల్లు. వాళ్ల పెళ్లి క్యాసెట్టును 2008లో పట్నంలో ఒక షాపువాళ్లు డీవీడీలోకి ఎక్కించి ఇచ్చారు. “ఇంక క్యాసెట్టుతో పనిలేదు” అని కూడా సలహా ఇచ్చారట. ఇల్లు సున్నం వేయించినప్పుడు క్యాసెట్టు కాస్తా పాత సామానులో పోయింది. పదిహేనేళ్లకు డిస్కు పెడితే టీవీ ‘డిస్కు లేదు’ అంది. “సైన్సు చదువుతున్నావు కదరా, మీ తాతయ్య మాట ఒక్కటైనా తీయలేవా?” అని పెద్దమ్మ నా చేతిలో పెట్టింది. తాతయ్య గొంతు వున్నది ఆ వీడియోలో ఒక్కచోటే – అప్పగింతలప్పుడు వియ్యంకుడితో రెండు మాటలు. మూడు వేరువేరు డ్రైవుల్లో చదివించి చూశాను. మొదటి ఇరవై నిమిషాలు మాత్రం వచ్చాయి. అప్పగింతలు చివర కదా.

మొదటి భాగం మిగిలి, చివరి భాగం పోవడానికి కారణం వుంది. కంపెనీలో అచ్చుపోసిన డీవీడీలో సమాచారం ప్లాస్టిక్ మీద గుంటల రూపంలో వుంటుంది. షాపులో రాసి ఇచ్చే డీవీడీలో గుంటలుండవు. ఒక రంగుపొరను లేజరు కిరణంతో మాడ్చి గుర్తులు పెడతారు. ఎండకు, వేడికి, చెమ్మకు ఆ రంగు వెలిసిపోతుంది. డీవీడీ మధ్య నుంచి బయటి అంచుకు రాయబడుతుంది. అంచు దగ్గర చేతివేళ్లు తగులుతాయి, చెమ్మ లోపలికి దిగేదీ అక్కడినుంచే. కనుక సాధారణంగా ముందు చెడేది చివరి భాగం. ఇట్లాంటి డిస్కులు ఇంట్లో వుంటే ఈ సెలవుల్లోనే హార్డు డిస్కులోకి తీసుకోండి.

క్యాసెట్టు ఇంకా వుంటే మీరు అదృష్టవంతులు. అయితే దాన్ని ఆడించే యంత్రమే కరువు. ప్రపంచంలో వీసీఆర్లు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆ పని మానేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. ఒకటి సంపాదించి, వీసీఆరుకూ కంప్యూటరుకూ మధ్య క్యాప్చర్ పరికరం పెట్టి రికార్డు చేసుకోవాలి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే శుభ్రం చేయించకుండా లోపల పెట్టకూడదు. అది యంత్రానికి అంటుకుని తర్వాతి క్యాసెట్టుకు కూడా పాకుతుంది. రికార్డు చేసేటప్పుడు స్థలం ఆదా చేద్దామని పిసినారితనం చూపవద్దు. డీవీ అనే పద్ధతిలో గంటకు సుమారు 13 గిగాబైట్లు పడుతుంది. మూడు గంటల పెళ్లికి 39. ఈ రోజుల్లో అదొక లెక్కలోది కాదు.

ఇక్కడ చిన్న భౌతికశాస్త్రం. మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను రెండు సగాలుగా పంపేవారు – బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. అంటే సెకనుకు 50 సగాలు. ఆనాటి గాజు టీవీలు వీటిని అట్లాగే వంతులవారీగా చూపేవి. నేటి టీవీ పలక మొత్తం బొమ్మను ఒక్కసారే చూపుతుంది. రెండు సగాలకూ నడుమ పల్లకీ కాస్త కదిలి వుంటుంది గదా, దాని అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనపడతాయి. కొందరు ఒక సగాన్ని పారేసి సరిపెడతారు. దాంతో చలనంలోని నునుపు సగం పోతుంది. మూల ప్రతిని రెండు సగాలతోనే దాచండి. కలిపే పని చూసేటప్పుడు ప్లేయరు చేసుకుంటుంది, రేపు ఇంకా మంచి ప్లేయరు వస్తే ఇంకా బాగా చేస్తుంది.

ఇక ఎంత స్థలం కావాలో చూద్దాం. హెచ్‌డీ బొమ్మ అంటే 1920 × 1080 చుక్కలు. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 24 బొమ్మలు వేసుకుంటే రెండున్నర గంటల సినిమాకు 1.3 టెరాబైట్ల పైన పడుతుంది. అంత ఎవరి దగ్గరా వుండదు. కాబట్టి బొమ్మకూ బొమ్మకూ మారిన భాగాన్ని మాత్రమే రాసి సంకోచింపజేస్తారు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఆ సినిమా 9 గిగాబైట్లలో ఇముడుతుంది. డీవీడీ ఒక పొరదైతే 4.7 గిగాబైట్లు, రెండు పొరలదైతే 8.5, అంతకు మించదు. బ్లూ-రేలో 25 లేక 50 వరకు వుండవచ్చు. ఇంట్లో 100 డీవీడీలు, 20 బ్లూ-రేలు, నాలుగైదు పెళ్లిళ్లు, ఫోనుల్లో తీసినవి – మామూలుగా లెక్కవేస్తే 2 టెరాబైట్లలో పడతాయి. కొన్న డిస్కును కంప్యూటరుకు తగిలించి 1 టెరాబైటు బదులు 931 అని చూపిందని షాపు మీదికి వెళ్లకండి. కంపెనీవాడు వెయ్యేసి లెక్కన, కంప్యూటరు 1024 లెక్కన కొలుస్తారు. కొలపాత్ర తేడాయే గాని దొంగ తూకం కాదు.

స్థలం తెలిసింది కనుక డిస్కు దగ్గరికి వద్దాం. నా సలహా ఒకటే: 4 టెరాబైట్ల డిస్కు ఒకటి కొనే డబ్బుతో 2 టెరాబైట్లవి రెండు కొనండి. కొద్దిగా ఎక్కువైనా సరే. హార్డు డిస్కులో చదివే తల, తిరిగే పళ్లెం మీద కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ వుంటుంది. తల వెంట్రుక మందం డెబ్భై వేల నానోమీటర్లు వుంటుందని గుర్తు తెచ్చుకుంటే అది పని చేయడమే విడ్డూరం. ప్రతి డిస్కూ ఏనాటికో ఒకనాటికి పోతుంది. ఎప్పుడన్నదే తెలియదు.

“అయితే ఎస్‌ఎస్‌డీ కొంటాం, దాంట్లో తిరిగేదేమీ లేదు కదా” అనవచ్చు. రోజూ వాడే కంప్యూటరుకు అది మంచిదే. కాని అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో బంధించి వుంటుంది, ఏళ్ల తరబడి కరెంటు పెట్టకుండా బీరువాలో పడేస్తే ఆ ఆవేశం కారిపోవచ్చు. పైగా అదే సొమ్ముకు స్థలం తక్కువ. దాచుడుకు హార్డు డిస్కే నయం.

ఇంకొందరు ‘నాస్’ పెట్టె గురించి అడుగుతున్నారు. రెండో నాలుగో డిస్కులు పట్టి, ఇంట్లోని నెట్‌వర్కుకు తగిలి వుండే చిన్న కంప్యూటరు అది. అందులో రెండు డిస్కుల మీదా ఒకే సమాచారం రాసే రెయిడ్-1 ఏర్పాటు వుంటుంది. ఒక డిస్కు చచ్చినా పని ఆగదు. నిజమే. కాని తమ్ముడు పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే రెండింటి మీదా ఒకే క్షణంలో చెరిగిపోతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి, దొంగ ఎత్తుకుపోయినా రెండూ పోతాయి. ఒకే గాదెకు రెండు అరలు పెట్టినట్లన్నమాట. రెండో ప్రతి వేరే ఇంట్లో వుండాలి. నాలుగు గదుల్లో నాలుగు టీవీలున్న ఇంటికి నాస్ తగును. ఒక్క టీవీ వున్న ఇంటికి అది ఆడంబరం.

కొనేటప్పుడు ఒక సంగతి అడగండి – డిస్కు సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని. ఎస్‌ఎంఆర్‌లో రాసే గీతలు పెంకుటింటి కప్పు మీద పెంకుల మాదిరి ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కి వుంటాయి. మధ్యలో ఒకటి మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి, కనుక మెల్లగా నడుస్తుంది. నాస్ కోసమని అమ్మిన డిస్కుల్లో కొన్ని ఈ రకానివేనని 2020లో బయటపడి పెద్ద గొడవ అయింది. ఒకసారి రాసి పదేళ్లు చదువుకునే మనబోటి వాళ్ల సినిమాలకు ఎస్‌ఎంఆర్ వల్ల నష్టం లేదు. నాస్‌లో వేసుకునే వాళ్లు మాత్రం సీఎంఆర్ తీసుకోవాలి.

పల్లెల్లో వుండే వాళ్లకు అన్నిటికంటె ముఖ్యం కరెంటు సంగతి. తిరుగుతున్న డిస్కుకు హఠాత్తుగా కరెంటు పోతే ఏమవుతుంది? తల పళ్లెం మీద పడి గీరుకుపోతుందని చాలామంది భయం. ఇంజనీర్లు చక్కని ఉపాయం చేశారు. కరెంటు పోగానే, ఇంకా తిరుగుతున్న పళ్లెమే డైనమోలాగా కొద్దిపాటి విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తుతోనే తల వెనక్కి వెళ్లి తన చోట కూర్చుంటుంది. మనం ప్రాక్టికల్సులో కట్టే మోటారు-జనరేటరు ప్రయోగమే ఇది. పళ్లెం బతికింది గాని, ఆ క్షణంలో రాస్తున్న సమాచారం మాత్రం సగంలో తెగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌టీ4 అనే పద్ధతుల్లో డిస్కు తాను చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుంటుంది కనుక మళ్లీ కరెంటు వచ్చాక సరిచేసుకోగలదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో ఈ చిట్టా లేదు. పైగా ఫ్యాట్32లో 4 గిగాబైట్లకు మించిన ఫైలు అసలు పట్టదు. టీవీకి నేరుగా తగిలించే డిస్కును, టీవీ ఒప్పుకుంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో వుంచడం మేలు.

వోల్టేజి హెచ్చుతగ్గులు ఇంకో బెడద. స్పైకు గార్డు అనేది క్షణంలో వచ్చిపోయే పోటును మాత్రమే ఆపుతుంది. లైనులో న్యూట్రల్ తెగి గంటసేపు 300 వోల్టులు వస్తే అదే ముందు కాలిపోతుంది. హద్దు మించితే కరెంటు తెంపివేసే స్టెబిలైజరుగాని, కంప్యూటరుకు పనికివచ్చే ఇన్వర్టరుగాని టీవీ కంటె ముందు కొనవలసిన వస్తువు. ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయడమనే మా నాయనమ్మ పద్ధతికి మించినది నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఇప్పుడు ఆడించే యంత్రం. మూడు మార్గాలున్నాయి. డిస్కును టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో పెట్టడం మొదటిది. ఖర్చు లేదు. కాని కొన్ని టీవీలకు డీటీఎస్ ధ్వని రాదు – బొమ్మ ఆడుతుంది, నోరు పెగలదు. తెలుగు ఉపశీర్షికలు పెడితే కొన్నింటిలో అక్షరాల బదులు డబ్బాలు, లేదా ఒత్తులు విడిపోయి పక్కకు పడిపోవడం కనిపిస్తుంది. మా నాయనమ్మకు చెవుడు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇది చిన్న సమస్య కాదు. ఉపశీర్షికల ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచితే కొంతవరకు కుదురుతుంది. అయినా కుదరకపోతే దోషం టీవీది.

రెండో మార్గం ఎచ్‌డీఎంఐలో పెట్టే స్టిక్కు లేదా ఆండ్రాయిడ్ పెట్టె. మూడోది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు. ఏది కొన్నా చూడవలసినది దాని మీద రాసిన ‘4కె’ అనే అంకె కాదు. అది ఏయే సంకోచ పద్ధతులను చిప్పులోని ప్రత్యేక భాగంతో విప్పగలదన్నది చూడాలి. డీవీడీలది ఎంపెగ్-2. తర్వాత 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 వచ్చాయి. ఒక్కొక్కటి ముందుదానికంటె తక్కువ స్థలంలో అంతే మంచి బొమ్మ ఇస్తుంది గాని, విప్పడానికి లెక్క ఎక్కువ చేయాలి. ప్రత్యేక భాగం లేని చిప్పు ఆ లెక్కంతా మామూలు ప్రాసెసరుతో చేయబోతుంది. 4కె సినిమా అయితే వేడెక్కి, బొమ్మ ఎక్కిళ్లు పెడుతుంది.

ఉదాహరణకు 2023లో వచ్చిన రాస్‌బెరీ పై 5లో హెచ్.265కు మాత్రమే అటువంటి భాగం వుంది. హెచ్.264ను ప్రాసెసరే విప్పుతుంది. హెచ్‌డీ వరకు దానికి అది సులువే. ఏవీ1కు ఏమీ లేదు. అదే ఏడు మార్కెట్లోకి వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పున్న చిన్న కంప్యూటర్లు పైన చెప్పిన నాలుగు పద్ధతులనూ విప్పగలవు. డిస్కుతో కలిపి 15 వాట్లు లాగుతుందనుకుంటే, రాత్రింబవళ్లు వేసి వుంచినా నెలకు 11 యూనిట్లు దాటదు. ఒకే టీవీ వున్న ఇంటికి ఇటువంటి కంప్యూటరు మీద కోడి అనే ఉచిత కార్యక్రమం వేసుకుంటే చాలు. (మన కోడి కాదు, పేరు మాత్రం ఇంట్లో వాళ్లకు వెంటనే నోటికొస్తుంది.) ఫోనుల్లో, రెండో గదిలో కూడా చూడాలనుకుంటే 2018 చివర మొదలైన జెల్లీఫిన్ వుంది, అదీ ఉచితమే. డబ్బు తక్కువైతే స్టిక్కుతో సరిపెట్టుకోండి. నాలుగైదేళ్లకు ఇది పాతబడి ఇంకొకటి కొనక తప్పదు; అందుకే దీనికి ఆఖరి పీట వేశాను.

ఒక చిన్న అమరిక గురించి చెప్పకపోతే అన్యాయం. సినిమా సెకనుకు 24 బొమ్మలు. టీవీ సాధారణంగా సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది. సగం బొమ్మ చూపలేదు కనుక ఒక బొమ్మను మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపుతుంది. కెమెరా పొలం గట్ల మీదుగా మెల్లగా తిరిగే దృశ్యంలో ఆ కుంటినడక తెలిసిపోతుంది. కోడిలో సినిమాను బట్టి టీవీ వేగం మార్చే అమరిక వుంది. అది పెడితే 24కు 24 సరిపోతుంది. కొన్న రోజే పెట్టుకోండి. టీవీ తనంతట తాను మధ్యలో లేని బొమ్మలు కల్పించే సదుపాయాన్ని తీసేయండి. దానితో పాత సినిమాలు టీవీ సీరియల్లా కనిపిస్తాయి.

వైరు, గాలి సంగతి క్లుప్తంగా. డిస్కు, ప్లేయరు ఒకే బల్ల మీద వుంటే నెట్‌వర్కే అక్కరలేదు. వేరు గదుల్లో వుంటే వై-ఫై కంటె ఈథర్‌నెట్ వైరు నమ్మకం. మందపాటి మట్టిగోడల ఇళ్లలో మరీను. చాలా టీవీల్లో వుండే 100 మెగాబిట్ల రంధ్రం డీవీడీలకు, మామూలు బ్లూ-రేలకు చాలు. 4కె బ్లూ-రేలు ఒక్కోచోట 128 మెగాబిట్ల దాకా వెళ్తాయి కనుక వాటికి మాత్రం చాలదు.

ఇదంతా మనం కొన్న డిస్కులకు, మన ఇంటి వీడియోలకు సంబంధించినది. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లుంటుంది. పాటల మీద, రచన మీద హక్కులు వేరు. పరుల సొమ్ముతో గాదె నింపడం గురించి నేను రాయడం లేదు.

పెదనాన్నగారి ఇంట్లో ఇప్పుడున్న ఏర్పాటు ఇది: 2 టెరాబైట్ల డిస్కు ఒకటి టీవీ దగ్గర, అటువంటిదే ఇంకొకటి పక్క ఊళ్లో మేనత్త ఇంటి స్టీలు బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే పొడవాటి అంకె లెక్కకట్టి నోటు పుస్తకంలా ఒక ఫైలులో పెట్టాను. బస్తా తూకం చీటీ లాంటిది – తర్వాత ఎప్పుడు లెక్కకట్టినా అదే అంకె రావాలి, ఒక్క బిట్టు మారినా తేడా పట్టిస్తుంది. సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవుల్లో ఒకసారి రెండో డిస్కు తెప్పించి, అంకెలు సరిచూసి, కొత్తవి ఎక్కించి పంపుతాం. యూఎస్‌బీ 3 తీగ మీద సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున నడిస్తే 2 టెరాబైట్ల డిస్కు మొత్తం నకలు తీయడానికి అయిదున్నర గంటలు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి అయిపోతుంది, కరెంటు పోకపోతే.